యాక్సిల్ బాబాయి

కాస్త పెద్ద ఊరైతే చాలు, ఇలాంటి బాబాయి ఒకాయన ఉండే తీరతాడు. రిటైరైన ఇంజనీరో, పొలం కౌలుకిచ్చేసి పట్నం చేరిన ఆసామో ఎవరైనా కానివ్వండి, పెరట్లో టార్పాలిన్ కింద రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు ఉంటుంది. దాన్ని మీరు జీపన్నారో, మీ పని అయినట్టే. అమెరికా సైన్యం కాగితాల్లో అది ‘పావు టన్ను ట్రక్కు, ఫోర్ బై ఫోర్’. బాబాయి కూడా ట్రక్కనే అంటాడు. ‘ట్రక్కు బయటికి తీస్తున్నారా బాబాయ్?’ అని అడిగితే మురిసిపోతాడు. తీయడం మాత్రం ఉండదు. ముందు చక్రం షాఫ్టు దొరకాలిగా!

వెనక చక్రాల షాఫ్టుతో పేచీ లేదు. అది తిన్నని కడ్డీ, తిరిగితే చాలు. ముందుది తిరుగుతూనే, చక్రం ఎటు మళ్ళితే అటు వంగాలి కూడా. అందుకని మోచేతికి ఉన్నట్టు దానికో కీలు ఉంటుంది. యుద్ధం హడావుడిలో ఆ కీళ్ళు ఒకే కంపెనీ చేసి పెట్టలేకపోయింది. ఎవరికి చేతనైన రకం వాళ్ళు చేసిచ్చారు. అలా ఆరు లక్షల పైచిలుకు బళ్ళకి నాలుగు రకాల షాఫ్టులు పడ్డాయి: జెప్పా, బెండిక్స్, ట్రాక్టా, స్పైసర్. ఈ నాలుగు పేర్లూ బాబాయి నోట వచ్చాయంటే పిన్ని ఖాళీ కాఫీ గ్లాసులు సర్దుకుని లోపలికి వెళ్ళిపోతుంది. మీకా వీలు లేదు, మీరు చుట్టం.

‘జెప్పాలో ఆరు బాల్సు, వాటిని పట్టి ఉంచే కేజు ఉంటుంది. బెండిక్స్‌కి కేజు లేదు, నాలుగు బాల్సు బండిని లాగితే నడుమ ఐదోది ఉంటుంది. ట్రాక్టాలో అసలు బాల్సే లేవు, ఒకదాంట్లో ఒకటి జారే ఇనప ముక్కలు! స్పైసర్‌ది మామూలు క్రాసు. స్టీరింగు పూర్తిగా తిప్పి నడిపావా, చుట్టుకి రెండుసార్లు గింజుకుంటుంది.’

ఎవరైనా ఓ పాత షాఫ్టు తెచ్చి చూపిస్తే ఇక ఆ పూట బాబాయికి పండగే. వరండాలో పేపరు పరిచి, కిరోసిన్ పోసి, పిన్ని పాత టూత్‌బ్రష్షుతో గ్రీజంతా వదలగొడతాడు. పళ్ళు లెక్కపెడతాడు. మొదటి పంటికి సుద్దముక్కతో గీత గీసి, ఒక్కోదాని మీదా గోరు పెట్టి నడుస్తాడు. పది ఉండాలి. పది వస్తే మళ్ళీ లెక్కపెడతాడు, పదకొండు రాకపోతుందా అన్న ఆశతో. తర్వాత టేపుతో పొడుగు కొలుస్తాడు. ముందు డిఫరెన్షియల్ కుడివైపుకి జరిగి ఉంటుంది కాబట్టి ఎడమ షాఫ్టు పొడుగు, కుడిది పొట్టి. తీరా అన్నీ కుదిరితే మొహం చిన్నబుచ్చుకుని, ‘రకం అదే కానీ, ఎందుకో మనసొప్పడం లేదు’ అంటాడు.

ఆయన్ని భగ్గుమనిపించాలంటే ‘ఫిట్ అయిపోద్ది సార్’ అంటే చాలు. విజయవాడ ఆటోనగర్‌లో ఓ కొట్టు కుర్రాడు పాపం ఆ మాట అనేశాడు. బాబాయి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ‘బెండిక్స్ కీలుని కలిపి ఉంచేది కీలు కాదు నాయనా! స్పిండిల్ లోపలి బుష్షూ వాషర్లూను. అవి అరిగితే కీలు ఎడం జరుగుతుంది, బాల్సు గాడి తప్పుతాయి, మలుపులో టప్పుమంటుంది. రకం మార్చావంటే దానికి తగ్గ బుష్షూ వాషర్లూ కూడా మార్చాలి. పాత బుష్షులో కొత్త షాఫ్టు దోపి ఫిట్ అయిపోద్దంటావా?’ కుర్రాడు ఈ మధ్య బాబాయి స్కూటరు చప్పుడు వింటే చాలు, భోజనానికి వెళ్ళిపోతున్నాడు.

నిజానికి బాబాయి చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పుండదు. అదే కదా బాధ.

మొన్న వేసవిలో చుట్టాల పెళ్ళికి వెళ్తే, ఊరేగింపుకి టాపు లేని జీపు ఒకటి పూలదండలతో ముస్తాబై నిలబడి ఉంది. బాబాయి పట్టుపంచె ఎగ్గట్టి, ఫోను లైటు వేసుకుని కిందికి దూరాడు. కాళ్ళు రెండూ బయట. మేళం ఆగింది. ఆడపెళ్ళివారి పెద్దాయన వంగి, ‘అన్నయ్యగారూ, ఏమైనా లోపమా?’ అన్నాడు హడలిపోతూ.

‘లోపమా? అసలు లేనేలేదండీ!’ అని లోపల్నుంచి కేక.

పెళ్ళికొడుక్కి ఏం లేదోనని ఆడవాళ్ళంతా మొహాలు చూసుకున్నారు. లేనిది ముందు డ్రైవు. మైలేజీ కోసమని ఎవరో దాన్ని పీకేసి, ఉత్త ఇనప దూలం బిగించారు. బాబాయి ఆ రాత్రి పూర్ణంబూరెలు రెండే తిన్నాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

ఇంకో సంగతి. ఆ షాఫ్టు లేకపోయినా బండి నడుస్తుంది. వెనక చక్రాలు చాలు. పొడి తారురోడ్డు మీద ముందు డ్రైవు వేయనే కూడదు, మధ్యలో డిఫరెన్షియల్ లేదు గనక షాఫ్టులన్నీ మెలిబడి కూర్చుంటాయి. ఈ మాట బాబాయితో అన్న మెకానిక్కు ఆ గేటు మళ్ళీ తొక్కలేదు.

చివరికి డాలస్‌లో ఉన్న అల్లుడికి పని పడింది. ‘బెండిక్స్, ఎడమది, పొడుగుది’ అని బాబాయి కాగితం మీద బొమ్మ గీసి మరీ పంపాడు. అక్కడి కొట్టువాడు డ్రైవరు పక్కదా, ప్యాసింజరు పక్కదా అని అడిగాడట. మన దేశంలో డ్రైవరు కూర్చునేది కుడివైపే కదా, ఎడమంటే ప్యాసింజరే అవుతుందని లెక్కగట్టి, అల్లుడు ప్యాసింజరుదే కొన్నాడు. అమెరికాలో అది కుడిది. చీరలకీ చాక్లెట్లకీ చోటు లేకుండా సూట్‌కేసులో పొట్టి షాఫ్టు దిగింది.

కూతురు బిక్కమొహం వేసింది. బాబాయి మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘బెండిక్సే. ఫస్టుక్లాసుగా ఉంది. స్పేరుకి ఉంచుదాం. ఎడమది ఈసారి వచ్చేటప్పుడు తెద్దురుగాని అల్లుడుగారూ, మనకేం తొందర లేదు.’