నూరవ నియమము

తీయింపుమనువారొకరు, ఉండనిమ్మనువారొకరు, ముందు తలుపులవి తీయించి వెనుకవి ఉంచుకొమ్మని మధ్యేమార్గము బోధించువారొకరు. నా కారు అద్దముల నల్ల ఫిలిము విషయమున ఈ ధర్మపురి పట్టణమున నాకు హితవు చెప్పనివాడు లేడు, చెప్పినవారిలో కేంద్ర మోటారు వాహన నియమావళిలోని నూరవ నియమమును చదివినవాడును లేడు. పాతబండిని కొన్నవానికి దానితోబాటు పూర్వ యజమాని ముచ్చటలన్నియు సంక్రమించునని పాతబండ్లు కొన్నవారందరు నెరిగినదే గనుక, నాకీ బండి నమ్మిన బెంగుళూరు మహాశయుని అభిరుచిని గూర్చి నేను విస్తరింపను. ఆయన అంటించిన ఫిలిము కాటుక భరిణె మూతవలె నుండెనని మాత్రము చెప్పి ఊరకుందును.

చిక్కంతయు ముందు తలుపులదే. మాకు తరచుగా సేలము పోవలసిన పని పడుచుండును. సేలము మా ఊరికి దక్షిణమున నున్నది. ఉదయము తొప్పూరు కనుమ దిగి పోవునపుడు తూరుపు సూర్యుడు మాకు ఎడమచేతి వైపుననుండును. సాయంకాలము అదే కనుమ నెక్కి ఉత్తరాభిముఖులమై మరలి వచ్చునపుడు పడమటి సూర్యుడును ఎడమచేతి వైపుననే యుండును. బండి నడుపువాడు కుడివైపున కూర్చుండుట ఈ దేశాచారము గనుక, రెండు పూటలను నాపై ఒక్క కిరణమైనను పడదు. ఎడమ ఆసనమున కూర్చుండు నా యిల్లాలి చెంప మాత్రము పోవునపుడొకమారు, వచ్చునపుడొకమారు వేగుచుండును. భూగోళమునకును ఖగోళమునకును కుదిరిన ఈ ఒడంబడికలో నా ప్రమేయ మిసుమంతయు లేదని నేనెంత మొరపెట్టుకొన్నను ఆమె నమ్మదు. ఫిలిము తీయింతునన్న నాడు ఆమె యన్నది, “ఏమండీ, చట్టం మీకూ, ఎండ నాకూనా?”

ధర్మపురి ఎండ యనగానే నాకు మన్రోదొర జ్ఞప్తికి వచ్చును. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పుసుల్తాను చేతినుండి బారామహలు సీమ కుంపిణీవారి వశమైనపుడు, రీడు దొరకు సహాయకుడై వచ్చిన థామస్ మన్రో ఈ ధర్మపురిలోనే నివసించి, 1799 వరకు గుఱ్ఱముపై ఊరూర తిరిగి పొలములు కొలిపించి శిస్తులు కట్టెను. ఆ మీదట 1800లో దత్తమండలములకు పోయి, అచ్చటి రైతుల అభిమానమునకు పాత్రుడై, వారి బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ యను పేళ్లు పెట్టించుకొని, 1820లో మదరాసు గవర్నరై, 1827లో పత్తికొండలో విషూచి సోకి మరణించెను. ఆయన మంత్రాలయమునకు పోయినపుడు బృందావనమునుండి రాఘవేంద్రస్వామివారు లేచి వచ్చి ఆయనతో మాటలాడిరనియు, ప్రక్కన నున్నవారికి స్వామివారు కనబడనే లేదనియు ఐతిహ్యము గలదు. ఒకే తెరగుండ ఒకనికి నూరుపాళ్లు, తక్కినవారికి సున్నపాళ్లు వెలుగు ప్రసరించిన సందర్భము నాకు తెలిసినంతవరకు అదియొక్కటే. చెన్నపట్టణమున ఐలండు మైదానము చెంత 1839లో నిలిపిన ఆయన అశ్వారూఢ విగ్రహమున, శిల్పియైన ఛాంట్రీ జీను పెట్టలేదు, రికాబులను పెట్టలేదు. ఆ దారిని పోయినప్పుడెల్ల నాకొక్కటే తలంపు: ఆ గుఱ్ఱము నేడు మా రహదారిపై వచ్చెనేని, కావలసిన సరంజామా లేదని ఒక చలానా, రొమ్ము పట్టీ లేదని ఒక చలానా వ్రాయుదురుగాని, నూరవ నియమము క్రింద మాత్రము దానిని పట్టుకొనజాలరు, ఏలయన దానికి అద్దములు లేవు. 

ఇంతకు మన్రోకును నల్ల ఫిలిముకును సంబంధమేమని పాఠకులడుగవచ్చును. లేదు. కాని ఈ వృత్తాంతమంతయు నేను నా యిల్లాలికి చెప్పి, అంతటివాడే ఈ యెండలో ఏడేండ్లు తిరిగెను గదా యని సమర్థించుకొనబోగా, ఆమె “ఆ దొర పెళ్లాం ఎడమపక్కన కూర్చుందా?” అని యడిగెను. మన్రోకు వివాహమైనది 1814లో. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

ఇక చట్టము. 1989 నాటి నియమావళిలోని నూరవ నియమము ప్రకారము ముందరి పెద్ద అద్దమును వెనుక అద్దమును నూటికి డెబ్బదిపాళ్లకు తక్కువ కాకుండ, ప్రక్క అద్దములు ఏబదిపాళ్లకు తక్కువ కాకుండ వెలుగును పోనీయవలెను. పంక్తులు సరళములే. అందువలననే మా వీథిచివర ఫిలిములంటించు కుఱ్ఱవాడు, “ఏం గాదన్నా! నల్లది తీసేసి లైటు పేపరు ఏస్తాను. డెబ్బై పర్సెంటుది. లీగలు!” అని అభయమిచ్చెను. నేను ప్రశాంతముగా, “అబ్బాయీ, కంపెనీవారు బిగించిన అద్దమే డెబ్బదిపాళ్లు పోనిచ్చినదనుకో, దానిమీద నీ డెబ్బది పెట్టినచో లోపలికి వచ్చునది డెబ్బదిలో డెబ్బదిపాళ్లు, అనగా నలువది తొమ్మిది. ఏబదికి ఒకటి తక్కువ” అంటిని. వాడు కొంత తడవు ఆకాశమువంక చూచి, “డెబ్బైకి డెబ్బై కలిపితే నూటనలభై గదన్నా, ఇంకా ఎక్కువ లైటు రావాల” అనెను. ఆ లెక్కను ఖండించు శక్తి నాకు లేకపోయెను.

నిజమునకు ఆ లెక్కయు అనవసరమే. దేశ సర్వోన్నత న్యాయస్థానమున ప్రధాన న్యాయమూర్తి కపాడియాగారు, పట్నాయక్‌గారు, స్వతంతర్ కుమార్‌గారు కూర్చుండి 2012 ఏప్రిలు 27వ తేదీన ఒక పౌరుని వ్యాజ్యముపై చెప్పిన తీర్పేమన: నియమము చెప్పునది అద్దమును గూర్చియే గాని అద్దముమీది అతుకును గూర్చి కాదు; కర్మాగారముననే తగుపాటి ఛాయతో అద్దమును తయారుచేసిన చేయుదురు గాక, ఆ పిమ్మట ఎన్ని పాళ్ల ఫిలిమైనను సరే, అంటింపరాదు; మే 4 నుండి అట్టి బండి కనబడినచో చలానా వ్రాయుటయే గాక ఫిలిమును అక్కడికక్కడనే ఊడబెరుకవలెను. నల్ల అద్దముల చాటున జరుగు ఘోరములను తలచి చేసిన తీర్పు గనుక దానిని నేను కాదనను. ఫిలిము వర్తకులు ఆ ఆగస్టులో మరల మొరపెట్టుకొన్నను న్యాయస్థానము చలింపలేదు.

అంతటితో ముగిసినచో నా బోటివానికి సుఖముండెడిది. కాని 2021 ఏప్రిలు నుండి నియమములో అద్దము అను చోట, అద్దముగాని గ్లేజింగు అనబడు పూతపొరతో కూడిన పదార్థముగాని యని చేర్చిరి. ఆ యాధారమున 2024 సెప్టెంబరులో కేరళ ఉన్నత న్యాయస్థానము, ప్రమాణములకు లోబడి, డెబ్బది ఏబది పాళ్లను పాటించు ఫిలిము నేరము కాదనెను. ధర్మపురి కోర్టులో వకీలుగా నున్న మా బావమరది ఈ తీర్పులు రెండును ముందు పెట్టుకొని, “బావా, ఇది కేంద్రం చేసిన రూలు, అర్థం దేశమంతటా ఒకటే ఉండాల. కానీ చెప్పింది పక్క రాష్ట్రం హైకోర్టు. వాలయారు దాటినాక నువ్వు పుణ్యాత్ముడివి, దాటకముందు నీ అదృష్టం” అని తేల్చెను. అదృష్టమునకు వెలయు నున్నది: 2019 సవరణానంతరము మోటారు వాహన చట్టపు 177వ విభాగము క్రింద మొదటిమారు 500 రూపాయలు, పిదప ప్రతిమారు 1500. పూర్వము నూరును మూడునూరులును ఉండెడివి.

వెలుగును కొలుచు మీటరొకటి కలదని చదివితినే గాని కంటితో చూడలేదు. రహదారిపై ఒకచోట నన్నాపిన అధికారి నా తలుపు చెంతకు వచ్చి, అద్దములో తన మీసమును చూచుకొని, ఎడమకొకమారు కుడికొకమారు సవరించుకొని, “మీసం ఇంత బాగా కనపడుతా ఉందంటే లోపల మనిషి ఎట్ల కనపడతాడు సార్?” అనెను. విజ్ఞానశాస్త్ర దృష్టితో చూచినను ఈ పరీక్షలో దోషము లేదు. రసీదు వ్రాయుచుండగా మా ప్రక్కనుండి జెండా కట్టిన పెద్ద బండియొకటి, నాలుగు వైపుల అమావాస్య నింపుకొని, కూతపెట్టుచు పోయెను. అధికారి దానికి చేయెత్తెను, ఆపుటకు కాదు. జెడ్ మరియు జెడ్ ప్లస్ రక్షణ గలవారికి తీర్పులోనే మినహాయింపున్నది. ఆ బండిలోనివారికి అంత శత్రువులున్నారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రము, బారామహలంతయు గాలించినను, జెడ్ కాదు గదా, మొదటి అక్షరమునకు చాలినంత శత్రువైనను దొరకడు. జెండాకొక నియమము, జనమునకొక నియమము అయినపుడు చట్టమునందు గౌరవము నిలుచుట యెట్లు?

చివరకు ముందు తలుపులవి ఊడదీయించితిని. జిగురు వదలుటకే ఒక పూట పట్టెను, ఊడదీయుటకు కూలి అంటించుటకంటె నెక్కువ. ఆ మరునాడు నాలుగు రోడ్ల కూడలిలో, ఎన్నో నెలలుగా కనబడని పాత మిత్రుడొకడు నన్ను చూచి చేయెత్తెను. నిజమునకు కనబడనివాడు ఆయన కాడు, నేను. ఆయన ప్రతిదినమును అక్కడనే బస్సుకై నిలుచుండునట; నా బండి ఆయన ముందునుండియే పోవుచుండెనట; “ఎవరో పెద్దవాళ్లనుకున్నానయ్యా” అనెను. టోలుగేటువద్ద సీతాఫలములమ్ము ఆమె, మునుపు మా అద్దమును తట్టి, తన ముఖమునే చూచి వెనుదిరిగెడిది, ఇపుడు బేరమాడుచున్నది. పట్టణపు బస్సులకు అద్దములే లేని కాలమున, కిటికీలో మోచేయి పెట్టుకొని కూర్చుండిన నన్ను ఊరిలో సగముమంది పేరుపెట్టి పలుకరించెడివారు. ఎండకని అంటించుకొన్న కాగితము ఎందరిని ఆవలనుంచెనో, ఇన్నాళ్లు ఆ లెక్క ఎవరును వేయలేదు.

ఈ ధోరణి నా యిల్లాలికి నచ్చలేదు. సీతాఫలములు చాలునని ఆమె చెంపకు తోచదు గదా. మొన్న సేలము పోవునపుడు ఆమె తొప్పూరు దాటకమునుపే సంచిలోనుండి గొడుగు తీసి కారులోనే విప్పెను. గొడుగు అద్దమునకు అంటించినది కాదు గనుక 2012 తీర్పు దానికి వర్తింపదని మా బావమరది అభిప్రాయము. కాని దానివలన ఎడమవైపు వెనుకచూపుటద్దము నాకు బొత్తిగా కనబడుటలేదు. అది వేరొక నియమమట. దానిని వెదకుచున్నాడు.