కుడి పక్క గుంయ్

మా కారు నలభై దాటితే పాట అందుకుంటుంది. నలభై లోపు మౌనవ్రతం. అరవై దగ్గర శ్రుతిపెట్టె తెరిచినట్టు ‘గుంయ్’, ఎనభైకి పక్కవాడి మాట వినపడదు. మొదటిసారి విన్నది బిచ్కుంద మీదుగా బాన్సువాడ పోతుంటే. లోపల తుమ్మెద దూరిందనుకుని బండి ఆపి, నాలుగు తలుపులూ తెరిచి, రుమాలుతో అరగంట విసిరాను. దారిన పోయే గొర్లాయన ఆగి, “ఎవల్ని రమ్మంటున్నవ్ సారూ?” అని అడిగాడు.

జుక్కల్ మూడు రాష్ట్రాల మూల. ఇటు దెగ్లూరు దిక్కు పోతే మహారాష్ట్ర, అటు ఔరాద్ దిక్కు పోతే కర్ణాటక. కాబట్టి మా ఊళ్లో రోగం ఒక్కటైనా వైద్యం మూడు భాషల్లో జరుగుతుంది. మాకు సప్పుడు, కన్నడం వాళ్లకు సప్పళ, మరాఠీ వాళ్లకు ఆవాజ్. పత్తి కొనడానికొచ్చిన దెగ్లూరు సేటు ఆవాజ్ గేరుబాక్సులోదన్నాడు. ఔరాద్ చుట్టం సప్పళ సైలెన్సరుదని ఒట్టేశాడు. మా స్కూల్లో ఫిజిక్స్ సారు అనునాదం గురించి నల్లబల్ల నిండా బొమ్మ గీశాడు గానీ, జవాబు దగ్గరికొచ్చేసరికి బెల్లు కొట్టారు. ఆయన పాఠాలన్నీ అంతే.

మా మామ మాత్రం మొదటి రోజే తేల్చేశాడు. నలభై ఏండ్లు ఎడ్లబండి తోలిన మనిషి. వెనక సీట్లో కళ్లు మూసుకుని విని, “ఇరుసు ఏడుస్తుంది అల్లుడా, కందెన పెట్టియ్యి” అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఖరీదు 9,800 రూపాయలు. ఎందుకంటే నేను పట్నం పోయి, అద్దాల గదీ కంప్యూటరూ ఉన్న చోట చూపించుకున్నాను. టైర్లు అలలు అలలుగా అరిగాయన్నారు, రెండు కొత్తవి వేశారు, అలైన్‌మెంటు చేసి కాగితం చేతిలో పెట్టారు. తిరుగుదారిలో కొత్త టైర్ల మీద పాత పాటే సాగింది. కాగితంలో మాత్రం అంతా పచ్చరంగే.

చివరికి మా ఊరి ఉస్తాద్ షెడ్డుకే వచ్చి పడ్డాను. “ఒక చక్కర్ కొట్టొద్దాం సార్” అని స్టీరింగు దగ్గర కూచున్నాడు. మామ వెనక ఎక్కాడు, ఎవరూ పిలవకుండానే. ఉస్తాద్ ఏసీ బంద్ చేశాడు, పాటలు బంద్ చేశాడు, నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి నన్నూ బంద్ చేశాడు. అరవైలో న్యూట్రల్ వేశాడు. ఇంజను చల్లబడింది, గుంయ్ చల్లబడలేదు. “ఇంజనుది కాదు.” మద్నూరు దిక్కు 161వ జాతీయ రహదారి ఎక్కాడు. నున్నటి రోడ్డు మీదా, మా గతుకుల రోడ్డు మీదా అదే శ్రుతి. “టైరుదైతే రోడ్డు మారినప్పుడల్లా గొంతు మార్తది సార్. ఇది మార్తలేదు.” నా 9,800 ఎక్కడో కలుక్కుమన్నది.

రోడ్డు ఖాళీ చూసి స్టీరింగు కొద్దిగా ఎడమకు తిప్పాడు, గుంయ్ పెరిగింది. కుడికి తిప్పాడు, తగ్గింది.

“అయితే ఎడమ చక్రం!” అన్నాను, తుమ్మెద దొరికినంత సంబరంగా.

“ఎడమకు తిప్పితే బరువెటు పడ్తది సార్?”

జవాబు వెనక సీట్లోంచి వచ్చింది. “కుడికి. గడ్డిబండి ఎటు ఒరుగుతదో గూడ తెల్వదా?”

షెడ్డులో కుడి ముందు చక్రానికి జాకీ ఎత్తి, ఉస్తాద్ స్ప్రింగు మీద నా వేళ్లు పెట్టించి చక్రం తిప్పాడు. ఇసుక కలిసిన రాగిజావ తిప్పినట్టు గరగర వేళ్లలోకి పాకింది. ఎడమది తిప్పితే పట్టులాగుంది. హబ్ బేరింగు. “వానల్ల వాగు దాటించిండ్రా?” దాటించాను. కాజ్‌వే మీద నీళ్లున్నా సరే, హీరోలాగా. ఆ నీళ్లు సీలు దాటి లోపల దూరాయి, గ్రీజు చెడింది, గుండ్లకు గుంతలు పడ్డాయి.

మామ లేచి నిలబడ్డాడు. “చెప్పిన్నా లేదా? కందెన!”

“దీనికి కందెన పెట్టరాదు తాతా. సీలేసి వస్తది. పోతే మార్చుడే.”

ఆయన ముఖంలో గెలుపు సగంలో ఆగిపోయింది. కందెన పెట్టుకోరాని బండి నీదెట్లయితది అని నన్ను నిలదీశాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

నిజానికి ఇరుసు ఏడుస్తుందని ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. 1794లో వేల్స్‌లో ఫిలిప్ వాన్ అనే ఆయన గుండ్ల బేరింగుకు పేటెంటు తీసుకున్నది గుర్రపుబండి ఇరుసు కోసమే. కారు అప్పటికింకా పుట్టలేదు. బేరింగు పెట్టినవాడు వాన్, మా బేరింగు చెడగొట్టింది వాన.

సుత్తెతో కొట్టి దించితే కొత్తదీ వారంలో పాడతదని, ఉస్తాద్ హబ్బును స్కూటీ మీద బాన్సువాడ తీసుకుపోయి ప్రెస్సులో దించుకొచ్చాడు. సామానూ కూలీ కలిపి 2,600. ఇంటికొస్తుంటే కారు పిల్లిలా నడిచింది. వెనక మామకు నిద్ర పట్టలేదు. గుంయ్ లేక ఎటూ తోచక, దారి పొడుగునా నా గేర్లు లెక్కపెట్టాడు.

పాత బేరింగు డిక్కీలోనే ఉండిపోయింది. ఆదివారం పక్కింటి పోరడు పలక, మేకులు, రెండు చిన్న బేరింగులు పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు, బేరింగుల బండికి మూడో చక్రం తక్కువైందట.

“ఇది పాడైంది రా, సప్పుడు చేస్తది. ఉస్తాద్ దగ్గర మంచిది అడుగుదాం.”

“వద్దు సార్, గదే కావాలె” అని లాక్కున్నాడు.

ఇప్పుడు పొద్దున ఆరింటికే మా సిమెంటు రోడ్డు మీద మొదలవుతుంది. మామ అరుగు మీద కూచుని, చేతిలో కందెన డబ్బాతో, వాడు దగ్గరికి రావడం కోసం చూస్తుంటాడు.