మారేడుపల్లిలో కెనడా వీరాభిమాని

మా వెస్ట్ మారేడుపల్లిలో కెనడా ఫుట్‌బాల్ జట్టుకు ప్రస్తుతం ఉన్న వీరాభిమాని ఒక్కరే. ఆ ఒక్కరూ మా బావగారు. రైల్ నిలయంలో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఎరిగిన బంతి పెళ్లిభోజనాల్లో మొదటి బంతి మాత్రమే. తర్వాత కొడుకు బ్రాంప్టన్‌లో ఇల్లు కొన్నాడు. మనవడు అక్కడే పుట్టి, అక్కడే స్కూలు జట్టులో చేరాడు. ఇక్కణ్నుంచి ఆవకాయ వెళ్లింది, అక్కణ్నుంచి ఎర్ర జెర్సీ వచ్చింది. జెర్సీతో పాటు పార్సిల్లో దేశభక్తి కూడా వచ్చింది. కస్టమ్స్ వాళ్లు పట్టుకోలేదు.

"మన గ్రూపులో స్విట్జర్లాండ్ ఉందోయ్, ఖతార్ ఉంది" అని ఆయన పొద్దున వాకింగులో అంటే, పక్కన నడిచేవాళ్లు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో కొత్తవాళ్లు చేరారనుకున్నారు. "మన మొదటి మ్యాచ్ జూన్ 12న టొరంటోలో. మనకు అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర." ఇందులో మొదటి 'మన' కెనడా, రెండో 'మన' మారేడుపల్లి. వినేవాడు ఎక్కడికక్కడ సరిహద్దు దాటుకుంటూ పోవాలి.

కెనడా మగవాళ్ల జట్టు ఇంతకుముందు ప్రపంచకప్పు ఆడింది రెండే సార్లు. 1986లో మూడు మ్యాచ్‌లు ఓడింది, గోల్ కూడా కొట్టలేదు. 2022లో మళ్లీ మూడూ ఓడింది, కాకపోతే గోల్ కొట్టింది. "చూశావా పురోగతి!" అంటారు బావగారు. ఆ గోల్ కొట్టిన అల్ఫోన్సో డేవిస్ కథ చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు పూడుకుపోతుంది. తల్లిదండ్రులు లైబీరియా యుద్ధంలో పారిపోయి వచ్చినవాళ్లు. కుర్రాడు ఘనాలోని శరణార్థి శిబిరంలో పుట్టాడు. "ఎక్కడి శిబిరం, ఎక్కడి బాయెర్న్ మ్యూనిక్! అవకాశం ఇవ్వాలోయ్, పేదపిల్లలకి అవకాశం ఇవ్వాలి" అని కళ్లు తుడుచుకుని, అదే ఊపులో గేటు వైపు తిరిగి, "ఒరేయ్, కారుకి తగిలిందంటే కాళ్లు విరగ్గొడతా!" అని అరిచారు. అవతల బంతి పట్టుకుని నిలబడ్డవాడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు.

ఆయన ఫుట్‌బాల్ జ్ఞానంలో ఆటది పావు వంతు. ముప్పావు రాజకీయం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగితే కాసేపు ఆలోచించి, ట్రంప్ సుంకాల గురించి చెబుతారు. కెనడాని యాభై ఒకటో రాష్ట్రం చేస్తానన్నప్పటి నుంచి ఆయనకు అమెరికా అంటే పీకలదాకా ఉంది. మార్క్ కార్నీ ఎన్నికల్లో గెలిచిన రోజున మా అక్కయ్యతో పాయసం వండించారు. ఈ ప్రపంచకప్పు కెనడా, అమెరికా, మెక్సికో ముగ్గురూ కలిసి చేస్తున్న పండగ: 48 జట్లు, 104 మ్యాచ్‌లు, 16 నగరాలు. తలో మూల అలిగి కూర్చున్న ముగ్గురు వియ్యంకుల ఇంటి శుభకార్యం అనమాట. ఇందులో హైతీ జట్టు కూడా ఆడుతోంది. ఆటగాళ్లకు అమెరికా తలుపు తీసింది, అభిమానులకు తీయలేదు. పెళ్లికొడుకు రావచ్చు, మగపెళ్లివారు రాకూడదు. ఇరాన్ వాళ్లకూ అదే శుభలేఖ.

నిరుడు డిసెంబర్ 5న వాషింగ్టన్‌లో జట్లకు గ్రూపుల డ్రా తీశారు. ఆ వేదిక మీదే ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో కొత్తగా ఒక శాంతి బహుమతి పుట్టించి, మొట్టమొదటిది ట్రంప్ మెళ్లో వేశారు. నోబెల్ వాళ్లు మొండికేసినచోట ఫుట్‌బాల్ వాళ్లు మొహమాటపడ్డారు. నెల తిరిగేసరికి, జనవరి 3న, అమెరికా సైన్యం వెనెజువెలా అధ్యక్షుణ్ని ఇంట్లోంచి ఎత్తుకొచ్చింది. "రెఫరీ ఎక్కడున్నాడయ్యా?" అని ఆ రోజంతా బావగారు ఊగిపోయారు. ఆ ప్రశ్న నాకూ నచ్చింది, ఒప్పుకోవాలి.

ఇక్కడ మరో ముచ్చట. ప్రపంచకప్పు టికెట్టు కొన్నవాళ్లకు వీసా ఇంటర్వ్యూ తేదీ ముందుగా ఇప్పిస్తామని అమెరికా 'ఫిఫా పాస్' అనే ఏర్పాటు ప్రకటించింది. అది ఇంటర్వ్యూకే, వీసాకి హామీ కాదు. ఆ ఏర్పాటు సంగతి తెలిసిన రోజునుంచి సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ అభిమానులు పుట్టగొడుగుల్లా లేచారు. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, పని అయ్యాక 108 తిరిగే జనం మనం. మధ్యలో 90 నిమిషాల ఆట చూడమంటే చూడమా? మా మూడో అంతస్తు కుర్రాడు ఏ జట్టు ఆడుతోందో తెలియకుండానే టికెట్టు వెతుకుతున్నాడు. "ఎవరైతే ఏముందంకుల్, స్లాట్ ముఖ్యం" అన్నాడు. ఇంతకన్నా నిష్కామమైన క్రీడాభిమానం ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా?

మళ్లీ డిసెంబర్‌కి వద్దాం. 5న వాషింగ్టన్‌లో శాంతి. 8న మన దేశంలో ఐఎస్ఎల్ నడిపించే వాణిజ్య ఒప్పందం గడువు ముగిసింది. కొత్తది రాసుకోలేదు గనక దేశంలో పెద్ద లీగ్ ఎప్పుడు మొదలవుతుందో అప్పటికి ఆటగాళ్లకే తెలియదు. 13న ఉప్పల్‌కి మెస్సీ వచ్చాడు. ఇదీ వరస. అప్పటికి లీగ్ లేని దేశానికి ప్రపంచ విజేత వచ్చి చెయ్యి ఊపి వెళ్లాడు. అదే రోజు కలకత్తాలో జనం కుర్చీలు విరిచారు. మనవాళ్లు బుద్ధిగా కూర్చున్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు తొమ్మిదో నంబరు జెర్సీ వేసుకుని ఆడారు. జట్టు పేరులో సింగరేణి కూడా ఉంది. బొగ్గుకీ బంతికీ సంబంధం ఏమిటని ప్రతిపక్షం అడిగింది. రెండూ నేల మీదివే కదా! నిజం చెప్పొద్దూ, ఆయనకు ఈ ఆట మీద ఇష్టం ఉంది. 2024 మేలో ఎన్నికల ప్రచారం ముగిసిన మర్నాడు సెంట్రల్ యూనివర్సిటీ కుర్రాళ్లతో కలిసి ఆడారు. రాహుల్ గాంధీగారు కూడా ఉప్పల్‌కి వచ్చారు. బావగారు టీవీకి అతుక్కుపోయి, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చూసి, రాబోయే మంత్రివర్గ విస్తరణ గురించి గంటసేపు చెప్పారు. మెస్సీ ఏ కాలితో కొట్టాడని అడిగితే, "కాలెందుకోయ్, మొహం చూడు" అన్నారు.

ఆ పూట నేను ఒక అమాయకపు ప్రశ్న వేశాను. "బావగారూ, హైదరాబాద్ ఎఫ్‌సీ ఏమైంది?"

"అదేంటి?"

అదీ మన జట్టే. 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఐఎస్ఎల్ ఫైనల్ ఆడింది. ఆట 1–1తో ముగిసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1తో కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. ఊరేగింపు లేదు, ఫ్లెక్సీలు లేవు, బోనాల నాడు కట్టే బ్యానరుపాటి బ్యానరు కూడా లేదు. తర్వాత ఆటగాళ్లకు జీతాలు ఆగాయి. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. యాజమాన్యం మారింది. నిరుడు అక్టోబర్‌లో జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తూ చెయ్యి ఊపడానికైనా సికింద్రాబాద్ స్టేషన్‌కి ఎవరూ వెళ్లలేదు. రెండు నెలలకి మెస్సీ దిగేసరికి మాత్రం ఎయిర్‌పోర్టు దారంతా జనం.

దేశం సంగతీ అంతే. 2022 ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. బయటివాళ్ల జోక్యం ఎక్కువైందట. పదిరోజుల పైచిలుకు మనకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ లేదు. సస్పెన్షన్ ఎత్తేశాక ఎన్నికలు పెట్టారు. దేశానికి కెప్టెన్‌గా ఆడిన బైచుంగ్ భూటియా ఒకవైపు, మాజీ గోల్‌కీపర్, బీజేపీ నాయకుడు కల్యాణ్ చౌబే మరోవైపు. ఫలితం 33–1. మన ఫుట్‌బాల్‌లో ఈమధ్య ఇంత భారీ స్కోరు నమోదైన మ్యాచ్ మరొకటి లేదు. నిరుడు నవంబర్‌లో మన జట్టు ర్యాంకు 142.

బావగారికి ఇవేవీ పట్టవు. "అదంతా పాలిటిక్స్ అయ్యా, మనకెందుకు?" అంటారు. ట్రంప్ చేసేది రాజకీయం కాదు, అంతర్జాతీయ వ్యవహారం. మన సమాఖ్యలో జరిగేది రాజకీయం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డుకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023లో నోటిఫికేషన్ ఇచ్చి, ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకున్నారు. దాని గురించి అడిగితే, "ఇప్పుడెందుకొచ్చిన గొడవ" అంటారు. ఒంటారియోలో ఏ నియోజకవర్గం ఎవరిదో మాత్రం ఆయనకు కంఠతా వచ్చు.

ఒకరోజు ఆయన్ని లాల్‌బజార్‌లో చాయ్‌కి తీసుకెళ్లాను. అక్కడ గల్లాపెట్టె పక్కన రోజూ కూర్చునే పెద్దాయన ఒకరున్నారు. కుర్రతనంలో బొల్లారం గ్రౌండుల్లో ఆడినవారు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ బావగారి ఎర్ర జెర్సీని కిందనుంచి మీదికి చూసి, "ఏ ఊరి టీమ్ సార్ ఇది?" అన్నారు. కెనడా అని చెప్పగానే నవ్వలేదు. "మా అమ్ముగూడ పోరడు రోమ్ ఒలింపిక్స్‌ల హంగేరీ మీద గోల్ కొట్టిండు. గుర్తుందా?" అన్నారు.

బావగారికి గుర్తులేదు. ఆ పోరడు తులసీదాస్ బలరాం. అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టాడు. రహీం సాహెబు రోజుకో రూపాయి ఇచ్చి, సైకిలు అద్దెకు తీసుకుని ప్రాక్టీసుకు రమ్మన్నారని పెద్దయ్యాక ఆయనే చెప్పుకునేవారు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ రెండూ ఆడాడు. రోమ్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి కొట్టాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ముప్ఫై నిండకుండానే ఆట మానేశాడు. 1962లో అర్జున ఇచ్చారు. పద్మశ్రీ ఇవ్వలేదు. బెంగాల్‌లో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. కలకత్తా పత్రికలు పేజీలు రాశాయి. మన అమ్ముగూడ స్టేషన్‌లో రైలు ఆగింది, కదిలింది.

ఆ రహీం సాహెబు ఎవరని బావగారు అడిగారు. నేను 'మైదాన్' సినిమా గుర్తుచేశాను. "ఆఁ! అజయ్ దేవగణ్ బ్రహ్మాండంగా కోచింగ్ ఇచ్చాడు" అన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ బడిపంతులు. ఆయన చేతిలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ పుట్టి నెల రోజులు దాటిందంతే. ఆ జట్టులో హైదరాబాదీలు గంపెడుమంది.

అంతర్జాతీయ ఫుట్‌బాల్, రాజకీయం కలిసిన రోజు కావాలంటే 1962 సెప్టెంబర్ 4 చాలు. జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లకు సుకర్ణో ప్రభుత్వం వీసాలివ్వలేదు. ఇది తప్పు అన్నవాడు మన జి.డి.సోంధీ. దాంతో ఊరంతా మనమీద తిరగబడింది. మన రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. ఫైనల్ నాడు దాదాపు లక్షమంది స్టేడియంలో కూర్చుని జనగణమన వినిపించకుండా గోల చేశారు. తలకు కుట్లతో జర్నయిల్ సింగ్ ముందువరసలో ఆడాడు. గోల్‌లో మన తంగరాజ్, ముందు మన బలరాం. పి.కె.బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి. దక్షిణ కొరియా మీద 2–1. పక్కన కూర్చుని ఇదంతా నడిపిన రహీం సాహెబుకి అప్పటికే క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. ఈ ప్రపంచకప్పు మెక్సికో సిటీలో మొదలయ్యేది కూడా జూన్ 11నే. ఆ రోజు ఫొటోకి దండ వేద్దామా అని పెద్దాయన అడిగారు. బావగారు డైరీ తీసి చూసి, "11న ప్రారంభోత్సవం లైవ్ ఉందండీ" అన్నారు.

ఇంటికొచ్చాక ఆయనలో చలనం వచ్చింది. బావగారు మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు కూడా. అత్యవసర సమావేశం పెట్టి, టొరంటో మ్యాచ్‌ని కాలనీ పార్కులో పెద్ద తెర మీద వేయాలని తీర్మానించారు. కుర్చీలు, కూలర్లు, మిర్చీబజ్జీలు. మన వార్డు మాజీ కార్పొరేటర్‌గారు ముఖ్య అతిథి. ఆయన లాంఛనంగా బంతి తన్ని ప్రారంభిస్తారు, ఫొటోగ్రాఫర్‌కి చెప్పారు. పచ్చిక పాడవకుండా ఇవాళ్టినుంచి పిల్లలెవరూ పార్కులో అడుగు పెట్టకూడదు. 'బంతి ఆటలు నిషేధం' బోర్డుకి కొత్త రంగు వేయించాలి. ఖర్చు మెయింటెనెన్స్ నిధి నుంచి.

అన్నీ కుదిరాక, తన్నడానికి బంతి ఎక్కడిదని కోశాధికారిగారు అడిగారు. కొత్తది కొనాలంటే మళ్లీ కొటేషన్లు పిలవాలి. కాసేపు నిశ్శబ్దం. అప్పుడు బావగారే లేచి ఆఫీసు బీరువా తాళం తీశారు. లోపల, ఆడిట్ ఫైళ్ల వెనకాల, సంక్రాంతి సెలవుల్లో పిల్లల దగ్గర లాక్కున్న బంతులు మూడున్నాయి. ఒకదాంట్లో గాలి ఇంకా ఉంది.

కిటికీ అవతల నిలబడి చూస్తున్న వాచ్‌మన్ కొడుకు దాన్ని గుర్తుపట్టాడు. "సార్, గది నాదే. వాళ్లు తన్నినంక నాకిస్తరా?"

బావగారు రిజిస్టర్‌లోంచి తలెత్తారు. "దరఖాస్తు రాసివ్వు. తర్వాతి మీటింగ్‌లో పెడతాం."