బీరువాకు చారలు

రంగు కొట్టే స్ప్రే గన్ పుట్టింది ఒక డాక్టరు ఇంట్లో. అమెరికాలోని టొలీడో ఊళ్లో అలెన్ డెవిల్బిస్ అనే వైద్యుడు 1880ల చివర్లో రోగుల గొంతులో మందు చల్లడానికి ఒక తుంపర బుడ్డి తయారుచేశాడు. తర్వాత ఆయన కొడుకు అదే కిటుకును రంగుల వైపు మళ్లించాడు. ఆ పుట్టుక మహిమేమో, గన్ రోంత దగ్గితే చాలు, చూసినవాళ్లంతా డాక్టర్లయిపోతారు. అందులోనూ మాది ప్రొద్దుటూరు.

మా పాత ఇనప బీరువాకు బూడిదరంగు వేయిద్దామనుకుని, గన్ కోసం పులివెందులలో ఉండే మా బామ్మర్దిని అడిగాను. చీనీతోట గేటుకు రంగేసి, దాన్ని మేకుకు తగిలించి మర్చిపోయాడట. బస్సులో పంపించాడు. కంప్రెసర్ బాడుగకు తెచ్చి మొదలుపెడితే, రంగు ఒకపక్క ముద్దగా, ఇంకోపక్క ఉందా లేదా అన్నట్టు పడింది. పైనుంచి కిందికి వచ్చేసరికి తలుపు నిండా చారలే.

“పులివెందుల గన్ను కదప్పా, పులిని దించింది” అన్నాడు ఎదురింటాయన.

ఇక వైద్యం మొదలైంది. కంప్రెసర్ బాడుగకిచ్చినాయన గాలి చాలలేదన్నాడు, పెద్ద కంప్రెసర్ తీసుకోమన్నాడు. రంగుల అంగడాయన థిన్నర్ చాలలేదన్నాడు, ఇంకో డబ్బా తీసుకోమన్నాడు. ఎవరి దగ్గర ఏ సరుకుంటే నా గన్‌కు ఆ జబ్బే ఉంది. వీళ్లందరికన్నా నన్ను భయపెట్టింది పక్కింటి బంగారు పని చేసే ఆయన. మా ఊళ్లో బంగారం అంగళ్లకు కొదవలేదు కాబట్టి సన్నటి పనిముట్లకూ కొదవలేదు. ఆయన కంటికి భూతద్దం బిగించి నాజిల్‌ను గుచ్చిగుచ్చి చూశాడు. మామూలుగా ఈ పనికి వాడే నాజిల్ బెజ్జం 1.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ముక్కుపుడకకు మర చెక్కే చేతికి అదేం లెక్క! “తీగ దూర్చి రోంత పెద్దది చేస్తా, ఇట్లివ్వు” అన్నాడు. టీ తాగి వద్దాం రమ్మని ఆయన్ను బయటికి తీసుకుపోయి, గన్‌ను మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేశాను.

ఫోన్లో బామ్మర్ది తీర్పు ఇంకా సులువు. “గన్నులో ఏం ల్యా బావా, నీ చెయ్యి తిరగడంల్యా. చీనీచెట్టుకు మందు కొట్టినట్టు చుట్టూ తిప్పి కొట్టు.” సరిగ్గా అదే చేయకూడదు. గన్‌ను తలుపుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో నిలిపి, మణికట్టు ఊపకుండా, మొత్తం చేతిని తలుపు వెంబడే నడపాలి. ప్రతి పట్టీ ముందు పట్టీని సగం కప్పాలి. చెట్టుకైతే ఆకు తడిస్తే చాలు. బీరువా తలుపు ఒక్క చుక్కను కూడా మన్నించదు.

అలాగని వాళ్లు చెప్పినవి అబద్ధాలేం కాదు. రంగు చిక్కనై గాలి చాలకపోతే నడుమ ముద్దకడుతుంది. రంగు పలచనై గాలి ఎక్కువైతే రెండు కొసలకూ చీలి నడుమ ఖాళీ పడుతుంది. మా బీరువాది ఈ రెండూ కాదు, ఒంటిపక్క జబ్బు.

చివరికి జమ్మలమడుగులో ట్రాక్టర్ ట్రాలీలకు రంగులు వేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గన్‌ను కాదు, నన్ను ఎగాదిగా చూసి, గోడకు పాత పేపరు అంటించి, “కదలకుండా ఒక్కటి కొట్టు” అన్నాడు. నిలువుగా తిన్నగా పడాల్సిన మచ్చ ఒకపక్కకు వంగి పడింది. గన్ మూతికున్న గాలి టోపీని కొంచెం వదులుచేసి, సగం చుట్టు తిప్పి బిగించాడు. “మళ్లా కొట్టబ్బీ.” ఈసారి వంకర రెండోపక్కకు మారింది.

“టోపీదే. మారకపోయింటే లోపల నాజిల్‌ది.”

అంతే. భూతద్దం లేదు, థిన్నర్ డబ్బా లేదు. టోపీకి చెరోపక్క కొమ్ముల్లాంటివి ఉంటాయి. వాటి బెజ్జాల్లోంచి వచ్చే గాలి రంగు ధారను రెండువైపుల నుంచీ నొక్కి విసనకర్రలాగా పరుస్తుంది. ఒక బెజ్జం మూసుకుంటే అటువైపు అడ్డుకునే గాలి ఉండదు కాబట్టి రంగు అటే ఒరుగుతుంది. ఆయన టోపీని థిన్నర్‌లో నానేసి, చీపురుపుల్లతో బెజ్జాన్ని మెల్లగా కెలికాడు. సూదులూ తీగలూ పెడితే బెజ్జం చెడిపోతుందనీ, తర్వాత దానికి మందు లేదనీ అన్నాడు. నాకు పక్కింటాయన భూతద్దం గుర్తొచ్చింది. చీపురుపుల్ల కొసకు ఎండిన రంగు పెచ్చు ఒకటి అంటుకుని వచ్చింది. పచ్చరంగు. నా బీరువాది బూడిదరంగు. చీనీతోట గేటు ఏ రంగో వేరే చెప్పాలా?

పొద్దున్నే చల్లటి పూట రంగు కొట్టమని కూడా చెప్పాడు. మా ఎండల్లో అయితే థిన్నర్ దారిలోనే ఆవిరై, రంగు తలుపు చేరేలోపే పొడిపొడి అయిపోయి ఇసుక చల్లినట్టు గరుగ్గా తగులుతుంది. డబ్బులు తీసుకోలేదు. నాపరాళ్ల దుమ్ము లేచే రోడ్డుపక్క మాత్రం కొట్టొద్దని నవ్వాడు.

బీరువా బాగా కుదిరింది. గన్‌ను కడిగి, తుడిచి, బామ్మర్దికి పంపించేశాను. వారం తిరక్కముందే ఫోను.

“ఏం చేసినావు బావా, నేనిచ్చినప్పుడు బాగుండె. ఇప్పుడు ఆగి ఆగి ఉమ్ముతాంది!”

“పైన రంగు కప్పు మూతకు చిన్న బెజ్జం ఉంటుంది. దాంట్లోంచి గాలి లోపలికి పోతేనే రంగు కిందికి దిగుతుంది. మూసుకుందేమో చూడు.”

“అదా? వంచితే రంగు కారతాంటే నేనే టేపేసినా.”