కిరండూల్ సందేహి

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప కొండల కింద, కిరండూల్‌లో తిరిగే వాతావరణ సందేహికి మూలాలు ఎక్కువగా ఉత్తరాంధ్రవి. 1960లలో కొత్తవలస నుంచి రైలుమార్గం పడి, ఇక్కడి ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాన్‌కు వెళ్లడం మొదలయ్యాక తాతో తండ్రో గని పనికి వచ్చి ఉంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పండక్కి ఊరెళ్లాలంటే అరకు మీదుగా ప్యాసింజరు. భూమి వేడెక్కుతోందన్న మాట ఎవరన్నా నవ్వు.

డిసెంబరులో ఆ నవ్వు మరీ జోరుగా ఉంటుంది. టీ కొట్టు దగ్గర రగ్గు సవరించుకుంటూ, "ఏటి బావా, బూమి వేడెక్కిపోతందంటన్నారు, మరి రగ్గెందుకు?" అంటాడు. మే నెలలో ఈ వాదన చెల్లదు కాబట్టి, "మా నాన్న కాలంలో ఎండల్లేవేటి?" అని మారుస్తాడు. శీతోష్ణస్థితి అంటే సాధారణంగా 30 ఏళ్ల సగటు. సందేహికి పోయిన సంక్రాంతి చలి గుర్తుంటే చాలు.

ఇతని ప్రధాన ఆహారం టీవీ చర్చ. తెర మీద రెండు పెట్టెలు: ఒకదాంట్లో ముప్పై ఏళ్లు మంచు తవ్విన శాస్త్రవేత్త, రెండోదాంట్లో గట్టి గొంతు తప్ప మరే అర్హతా లేని పెద్దమనిషి. యాంకరమ్మ ఇద్దరికీ సమంగా సమయం ఇస్తుంది. సందేహి రిమోట్ కింద పెట్టి, "ఇంకా తేల్లేదన్నమాట" అని నిద్రపోతాడు. తప్పంతా ఇతనిదే అనడం అన్యాయం. 1988 నుంచి 2002 దాకా నాలుగు పెద్ద అమెరికా పత్రికల వార్తలను పరిశీలించిన బాయ్‌కాఫ్ సోదరులు, వాటిలో సగానికి పైగా రెండు వాదాలకూ దాదాపు సమాన చోటిచ్చాయని 2004లో తేల్చారు. శాస్త్రజ్ఞుల్లో మాత్రం అలాంటి సగం సగం లేదు. కారణం మీద ఏదో ఒక అభిప్రాయం చెప్పిన పరిశోధనా పత్రాల్లో 97 శాతం మనిషే కారణమన్నాయని 2013 నాటి లెక్క. సమతూకం కోసం కాదనేవాణ్ని పిలవనక్కర్లేదని బీబీసీ తన సిబ్బందికి చెప్పడానికి 2018 వచ్చింది.

భారతీయ ఇంగ్లిషు పత్రికల్లో ఇలా శాస్త్రాన్నే కాదనడం తక్కువ; అక్కడ తగువంతా పాపం ఏ దేశానిదన్న దాని మీదే. సందేహి దీన్నీ వదులుకోడు. పొద్దున వేడే లేదంటాడు, సాయంత్రానికి అదంతా అమెరికావాళ్లు చేసిందంటాడు. లేని నేరానికి ముద్దాయిని పట్టుకోవడం ఇతనికే చెల్లింది.

తురుపుముక్క మరోటుంది: 2035. హిమాలయ హిమనదాలు ఆ ఏటికి మాయమవుతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో పడిన మాట తప్పని 2010 జనవరిలో ఆ సంస్థే ఒప్పుకుంది. ఆ తేదీ సందేహికి పెళ్లిరోజు కన్నా బాగా గుర్తు. తప్పు పట్టినవాళ్లలో హిమనదాల శాస్త్రవేత్తలే ఉన్నారనీ, మంచు కరగడం మాత్రం ఆగలేదనీ ఆ వార్త కింది భాగంలో ఉంటుంది. ఇతను శీర్షిక దాటడు.

విచిత్రమేమిటంటే వృత్తిలో ఇతను పక్కా శాస్త్రవాది. గూడ్సు రైల్లోంచి తీసిన నమూనాను ల్యాబ్ పరీక్షించి ఇనుము ఇంత శాతమంటే, ఆ కాగితం మీదే బండెడు ఖనిజానికి ధర కడతారు, ఎదురాడితే ఇతను మండిపడతాడు. 1958 నుంచి హవాయిలోని మౌనా లోవాలో గాలి నమూనాలు తీసి, అప్పటి 315 పీపీఎం కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటిందంటే మాత్రం, "ఎవడు చూసొచ్చాడు?" అంటాడు. తను పంపిన ఖనిజం బొగ్గుతో కలిసి కొలిమిలో ఉక్కవుతుందనీ, ఆ దారిలో టన్ను ఉక్కుకు సుమారు రెండు టన్నుల ఆ వాయువు గాల్లో కలుస్తుందనీ ఇతనికి తెలియంది కాదు. జీతంతో ముడిపడ్డ సంగతి మీద సందేహం గట్టిగా నిలబడుతుంది.

2024 జులైలో భారీ వానకు గని కొండ మీది కట్ట తెగి, ఎర్రనీళ్లు కిరండూల్ ఇళ్లలోకి దూకాయి. "కట్ట తెగింది, అంతే" అన్నాడు సందేహి. ఒక్క వానను పట్టుకుని ఇది వేడి వల్లేనని శాస్త్రవేత్తలూ చప్పున అనరు కాబట్టి, ఆ మాట వరకు ఇతనిది సగం నిజమే. మిగతా సగం ఇది: గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు, కురిసినప్పుడు ఆ నీరంతా కట్టల మీదే పడుతుంది.