బేసి ఏళ్ళు అన్నయ్యవి, సరి ఏళ్ళు నావి

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి మీ ఈడు పిల్లలకి అన్నం సహించదు. జపాన్‌లో అప్పుడే సోమవారం మొదలవుతుందట, ‘వన్ పీస్’ బొమ్మల కథ కొత్త భాగం ‘మాంగా ప్లస్’ యాప్‌లో పడుతుందట, టోక్యోలో కుర్రాడూ తెనాలిలో కుర్రాడూ ఒకే క్షణంలో తెరుస్తారట. 2019 జనవరిలో ఆ యాప్ వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. కొత్త భాగానికి పైసా కూడా ఇవ్వక్కర్లేదు. అన్నం కంచం ముందు పెట్టుకుని, ఎడమచేతి బొటనవేలితో తెర తోసుకుంటూ పప్పన్నం అయ్యేలోపు కథ అవగొట్టేస్తారు. మా మనవణ్ణి అడిగాను, ‘చదివినదాన్ని ఏం చేశావురా?’ అని. ‘ఏం చెయ్యడమేంటి తాతయ్యా?’ అన్నాడు. వాడికి ప్రశ్నే అర్థం కాలేదు. ఎలా అవుతుంది? చేతికి ఏదైనా వస్తే కదా, దాన్ని ఏదో ఒకటి చెయ్యడానికి!

మా రోజుల్లో చందమామ వచ్చేది. 1947 జులైలో మద్రాసులో పుట్టింది, తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టారు. చక్రపాణి గారిది మా తెనాలే, తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ మా తెనాలే, అంచేత చందమామ మద్రాసులో అచ్చయినా మా ఊరి పత్రికే అని మా నమ్మకం. కామిక్స్ అనే మాట మాకు చాలా తర్వాత తెలిసింది. మాకు తెలిసినవి బొమ్మలు. చిత్రా గారి మాంత్రికుడి ముక్కు చూస్తే వాడు ఎంత దుర్మార్గుడో కింద అక్షరం చదవకుండానే తెలిసిపోయేది. శంకర్ గారి విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడుస్తుంటే, నెలనెలా అదే బొమ్మని తెలిసినా మళ్ళీ చూసేవాళ్ళం. ముఖచిత్రం మూల ‘వ.పా.’ అని బొమ్మ వేసినాయన సంతకం ఉందా లేదా అని ముందుగా చూసుకునేవాళ్ళం. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ సరిగ్గా రాక్షసుడు గదిలో అడుగుపెట్టే చోట ఆగిపోయేది. నెల రోజులు ఆ రాక్షసుడు మా ఇంట్లోనే ఉండేవాడు. వాడేం చేస్తాడో బడిలో ఒకడొక రకంగా చెప్పేవాడు, ఇంటికొచ్చి అన్నయ్య ఇంకో రకంగా చెప్పేవాడు. తీరా సంచిక వచ్చాక అసలు కథ మా కథలకంటే చప్పగా ఉన్న నెలలు కూడా ఉన్నాయి. ఆ నెల రోజులు మీకు లేవురా అబ్బాయ్. పాత భాగాలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి రాక్షసుడు గదిలోకి వచ్చీ రాగానే చచ్చిపోతున్నాడు.

కొనలేని వాళ్ళకి అద్దె కొట్టు ఉండేది. తడికెల గది, మేకులకి దారం కట్టి దానికి క్లిప్పులతో వేలాడదీసిన పుస్తకాలు. ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్ అక్కడే మొదట చూశాను. 1964లో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు మొదలుపెట్టారవి, ఫాంటమ్‌తో. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ముసుగు మనిషి గుద్దితే అవతలివాడి దవడ మీద పుర్రె గుర్తు పడుతుందని తెలియడానికి ఇంగ్లీషు ఎందుకు? తర్వాత అనంత్ పై గారి అమర్ చిత్రకథలు వచ్చాయి. అద్దె పుస్తకానికి చివరి పేజీ ఉండేది కాదు, ఎవడో చించుకుపోయేవాడు. ఫాంటమ్ బతికాడా లేదా అన్నది నాకంటే ముందు అద్దెకి తీసుకున్నవాణ్ణి వెతికి పట్టుకుని అడగాల్సిందే. అలా పరిచయమైనవాడే తర్వాత నా పెళ్ళికి తోడు పెళ్ళికొడుకుగా వచ్చాడు.

పుస్తకం పోగెయ్యడం అంటే మా ఇంట్లో బైండు చేయించడమే. పన్నెండు నెలలవీ జాగ్రత్త చేసి సంక్రాంతి సెలవల్లో బైండరు దగ్గరికి మోసుకెళ్ళేవాళ్ళం. ఆయన పిన్నులు పీకి, వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి నూలుదారంతో కుట్టేవాడు. మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, ఆ బంకతో అట్టలు అంటించి క్యాలికో గుడ్డ వేసేవాడు. మాకూ ఆయనకీ ఏటా రెండు తగాదాలు. లావు తగ్గించడానికి ముఖచిత్రాలు తీసేస్తానని ఆయన, అవి తీస్తే పుస్తకమే వద్దని మేము. అంచులు కోసేటప్పుడు వ.పా. గారి సంతకం తెగిపోకూడదని మేము, వంకరటింకరగా ఉంటే తనకి చెడ్డపేరని ఆయన. కోత అయ్యేదాకా అక్కడే నిలబడేవాళ్ళం. ఒక్క నెల సంచిక లేకపోతే పని మొత్తం ఆగిపోయేది. దానికోసం పాత పేపర్ల కొట్లు తిరిగాం, బెజవాడలో లెనిన్ సెంటర్ తిరిగాం, ఉద్యోగంలో చేరాక హైదరాబాదులో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ముంగాళ్ళ మీద కూర్చుని గుట్టలు తిరగేశాను. కిరాణా కొట్లో సెనగపప్పు కట్టిచ్చిన పొట్లం విప్పితే చందమామ కాగితం కనపడేది. పప్పు డబ్బాలో పోసి, కాగితం సాపు చేసుకుని, ఇది మనకి లేని నెలదేనా అని చూసుకునేవాళ్ళం.

మీకు లేని సంచికంటూ లేదు కదా, ఇంక వెతకడం ఎక్కడిది? ఒక్క నొక్కుతో మొదటి భాగం నుంచి వెయ్యో భాగం దాకా వచ్చిపడితే అది గోదాం. పోగేసినవాడి వేలిముద్ర దాని మీద ఎక్కడుంది?

నాన్నగారు పోయాక ఆస్తి పంపకాలప్పుడు పొలం దగ్గర మాటా మాటా రాలేదు, బైండ్ల దగ్గర వచ్చింది. చివరికి అమ్మ తీర్పు చెప్పింది: బేసి ఏళ్ళు అన్నయ్యకి, సరి ఏళ్ళు నాకు. అమ్మకి సీరియళ్ళ సంగతేం తెలుసు? డిసెంబరులో మా ఇంట్లో బావిలో పడ్డ రాకుమారుడు జనవరిలో గుంటూరులో అన్నయ్య ఇంట్లో పైకి వస్తాడు. కథ పూర్తిగా చదవాలంటే ఒకరి గడప ఒకరు తొక్కాల్సిందే. తొక్కుతూనే ఉన్నాం. మా వదినకి నా మీద ఎంత కోపం వచ్చినా పండక్కి పిలవక తప్పలేదు.

ఇప్పుడు మీ సంగతి చూడు. అమెరికాలో తెర మీద కామిక్స్ అమ్మే కంపెనీ ఒకటి, కామిక్సాలజీ అని 2007లో పెట్టారు, బాగా నడిచింది. 2011 ఆగస్టు 31న డీసీ కంపెనీ జస్టిస్ లీగ్ కొత్త సంచికని కొట్లోనూ తెర మీదా ఒకే రోజు విడుదల చేసింది. అప్పుడే కామిక్ కొట్లవాళ్ళ గుండెల్లో రాయి పడింది. 2014లో కామిక్సాలజీని అమెజాన్ కొనేసింది, 2023లో ఆ యాప్‌ని కిండిల్‌లో కలిపేసింది. ఏళ్ళ తరబడి డబ్బు పోసినవాళ్ళు తమ పుస్తకాలు ఎక్కడున్నాయో వెతుక్కోలేక గగ్గోలు పెట్టారు. నా అల్మారా తాళం నా మొలతాడుకి ఉంటుంది, దాన్ని ఎవడూ ఇంకో అల్మారాలో కలపలేడు. అసలు మీరు ‘కొను’ అని నొక్కేది కొనడం కాదురా, చదువుకోవడానికి అనుమతి తీసుకోవడం. 2009లో కిండిల్ మీద జనం కొనుక్కున్న ఆర్వెల్ ‘1984’ నవలని అమ్మినవాళ్ళే రాత్రికి రాత్రి తీసేశారు. అది దొంగచాటుగా పెట్టిన ప్రతి, డబ్బు తిరిగి ఇచ్చారు, నిజమే. కానీ నా బీరువాలోంచి పుస్తకం పట్టుకుపోయి బల్ల మీద చిల్లర పెడితే నేను ఊరుకుంటానా? కాలిఫోర్నియాలో అయితే ఇది అనుమతి మాత్రమే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలని 2024లో ఏకంగా చట్టమే చేశారు. అనుమతిని అన్నదమ్ములు ఎలా పంచుకుంటారు? బేసి పాస్‌వర్డు, సరి పాస్‌వర్డు అని ఉంటాయా?

ఇంకొక సంగతి, బొమ్మల కథకి పేజీయే ప్రాణం. ఎదురెదురు పేజీలు రెండూ ఒక్కసారి కంటపడాలి, పేజీ తిప్పేచోట గుండె ఆగాలి. ఏ గడి పెద్దదో, ఏది చిన్నదో, ఎక్కడ ఖాళీ వదలాలో బొమ్మ వేసినాయన కూర్చుని ఆలోచించి పెట్టాడు. ఫోను తెర చిన్నది కాబట్టి ‘గైడెడ్ వ్యూ’ అని గడి తర్వాత గడి దగ్గరికి తెచ్చి చూపిస్తారు. పెళ్ళి భోజనంలో ఆకు కనపడనివ్వకుండా ఒక్కొక్క ముద్దే నోట్లో పెడితే ఎలా ఉంటుంది? కొరియా వాళ్ళ వెబ్‌టూన్‌లు మొదటి నుంచీ తెర కోసమే నిలువుగా గీస్తారు, వాటి దారి వాటిది. నా బాధ పేజీ కోసం వేసిన వాటిని ముక్కలు చెయ్యడం గురించి.

అలాగని కాగితం వైపువాళ్ళంతా బుద్ధిమంతులని నేను అనను. 1938లో పది సెంట్లకి అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 2024లో 60 లక్షల డాలర్లకి పోయింది. వాళ్ళేం చేస్తారో తెలుసా? పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసి, దాని మీద మార్కులు వేసిన చీటీ అతికిస్తారు. తెరిస్తే విలువ పడిపోతుంది. తెరవని బొమ్మల పుస్తకం ఎందుకురా? ఫోన్లో చదివేవాడు కనీసం చదువుతున్నాడు. ఆ మాట ఒప్పుకుంటాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. 2013 నాటికి చందమామ రావడం ఆగిపోయింది. అంతకుముందు పాత సంచికలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టారు, తర్వాత ఆ వెబ్‌సైటే మాయమైంది. అప్పటికే దింపి దాచుకున్నవాళ్ళూ, సొంత ప్రతులని ఓపిగ్గా స్కాన్ చేసినవాళ్ళూ లేకపోతే ఈనాడు సగం చందమామలు చెదల పాలయ్యుండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో ఎన్ని ఇళ్ళలో ఎన్ని అల్మారాలు నానిపోయాయో అందరం చూశాం. ఆ స్కాన్లు చేసినవాళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెడతాను. వ.పా. గారి చీర అంచుల్లో ఎంత పని ఉందో నా ఈ కళ్ళకి తెర మీద పెద్దది చేసి చూశాకే తెలిసింది. కానీ ఒకటి అడుగుతాను, ఆ స్కాన్లలో కొందరు ప్రకటనలు ఎందుకు తీసేశారు? న్యూట్రిన్ చాక్లెట్లు ఏవి? పాపిన్స్ బిళ్ళల కోసం వేసిన బొమ్మలకథలో రాము, శ్యాము ఏరి? కథలు మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు, ఆ ప్రకటనలు ఎవడు వేస్తాడు?

మా అన్నయ్య కొడుకు కొత్త పథకం తెచ్చాడు. రెండిళ్ళ బైండ్లూ స్కాన్ చేసి, బేసీ సరీ కలిపి ఒకే ఫైలు చేస్తాడట. ‘ఇంక మీరు గుంటూరు దాకా రానక్కర్లేదు బాబాయ్, ఇంట్లో కూర్చునే మొత్తం చదువుకోవచ్చు’ అన్నాడు, అదేదో నాకు మేలు చేస్తున్నట్టు. చెయ్యమన్నాను. ప్రకటనలతో సహా, ఫోటో వ్యాఖ్యల పోటీతో సహా, ఇంకు మరకలతో సహా ఒక్క పేజీ వదలకుండా చెయ్యాలి. పేజీలు బల్లపరుపుగా రావాలని కుట్లు విప్పుతానంటే మాత్రం వీల్లేదు. బైండ్లు వాడి చేతికివ్వను, నేనే మోసుకెళ్తాను, స్కానింగ్ అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను. ఏడాదికి ఒక బైండు చొప్పున తీసుకెళ్తానని చెప్పాను. వాడికి తొందరగా ఉందట.