కుర్రోడికి తులాభారం

2025 అక్టోబరు 4న ఢిల్లీలో ఐటీఐలను మెరుగుపరిచే పీఎం-సేతు పథకం మొదలైంది. 60,000 కోట్ల రూపాయలు, వెయ్యి ప్రభుత్వ ఐటీఐలు, అయిదేళ్లలో 20 లక్షల మంది యువత. మీరూ చదివే ఉంటారు. నాకు వచ్చిన లెక్క భాగహారం ఒక్కటే. భాగిస్తే తలకు 3 లక్షలు తేలాయి. అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు.

ఐటీఐ చదువు లాభమా, నష్టమా? తిరుపతి వాళ్లం, మనకు తెలిసిన తూకం తులాభారం. కొండ మీద బిడ్డను ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి, రెండో దాంట్లో బెల్లమో, పటికబెల్లమో, నాణేలో పోస్తారు. కాబట్టి ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరబోయే మన కుర్రోణ్ణి ఒకణ్ణి ఎక్కిద్దాం. పది పాసయినాడు, మనిషి 55 కిలోలు. అవతల రూపాయి బిళ్ళలు పోద్దాం. కొత్త బిళ్ళ బరువు 3.09 గ్రాములు. అంటే వాణ్ణి లేపాలంటే 17,800 బిళ్ళలు కావాలి. నెలకు వచ్చే డబ్బు వాణ్ణి లేపితే చదువు గెలిచినట్టు, లేపకపోతే వాడు కిందే.

ముందు సర్కారు వారి 3 లక్షలు పోద్దాం. 927 కిలోలు! కుర్రోడే కాదు, వాడి క్లాసులో ఇంకో పదిహేను మంది ఎక్కి కూర్చున్నా అందరూ లేస్తారు. కాకపోతే ఆ బిళ్ళలు పళ్ళెం దాకా రావు. 200 హబ్ ఐటీఐల్లో, వాటికి అనుబంధంగా ఉండే 800 స్పోక్ ఐటీఐల్లో, భవనాల్లో, యంత్రాల్లో ఆగిపోతాయి. కుర్రోడు నేల మీదే కూర్చుని, "ఏంది సార్, ఇంకా పొయ్యలేదా?" అంటాడు.

కోర్సు రెండేళ్లు. ఈ రెండేళ్లూ అవతల ఒక్క బిళ్ళ పడదు. పడేదంతా ఇవతలే. ఫీజు, బస్సు పాసు, టెస్టరు, కటింగ్ ప్లేయరు, రికార్డు బుక్కులు అన్నీ వాడి ఒళ్ళోనే. ప్రైవేటు ఐటీఐ అయితే నాయన చేసిన అప్పును కూడా పక్కనే కూర్చోబెట్టాలి. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి 55 కిలోలవాడు ఎంత తూగుతాడో మీరే చూసుకోండి.

తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్. 2025లో ఐటీఐ వాడికి కనీస స్టైపెండు 7,000. పోస్తే 21 కిలోల 600 గ్రాములు. పళ్ళెం కదల్లేదు. కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మే నెలలో దాన్ని 36 శాతం పెంచమని సిఫారసు చేసింది. అదీ కలిపితే 29 కిలోలు. సగానికి కాస్త పైన. కుర్రోడు కాళ్లు బారజాపుకున్నాడు.

సరే, సర్కారీ ఉద్యోగమే పోద్దాం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కించారు, సైకిల్ తొక్కించారు, మీటరు చదివించారు. ఇచ్చింది నెలకు 15,000. రెండేళ్లదాకా అంతే అన్నారు. తూకం వేస్తే 46 కిలోలు. ఇంకా తొమ్మిది కిలోలు తక్కువ. దీనికి అధికారులు ఆలోచించదగ్గ పరిష్కారం ఒకటుంది. జీతం పెంచడం కష్టం, కుర్రోణ్ణి తగ్గించడం తేలిక. హాస్టల్ సాంబారు ఆ పని ఎప్పట్నుంచో చేస్తూనే ఉంది.

ఇంతలో వీడి క్లాస్‌మేటు వచ్చాడు. పది తప్పి, మర్నాడే వైరింగు మేస్త్రీ వెంట పోయినవాడు. లాడ్జీలకు వైర్లు లాగాడు, తాతయ్యగుంట గంగమ్మ జాతరకు సీరియల్ సెట్లు కట్టాడు. ఈ మూడేళ్లలో బండి కొనుక్కున్నాడు. వాణ్ణి ఎవరూ తూకం వెయ్యరు, పర్మిట్టు అడగరు. కావాల్సినప్పుడు సంతకం పెట్టడానికి లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఎక్కడో ఉంటాడు. మనవాడు మాత్రం సర్టిఫికెట్ జిరాక్సులు పట్టుకుని ఫ్యాక్టరీలున్న శ్రీసిటీకి బస్సెక్కాడు. లేబర్ కాంట్రాక్టరు ఆ కాగితం చూసి బాగుందన్నాడు. ఇంటర్ తప్పినవాడి పక్కన నిలబెట్టి అవే స్క్రూలు బిగించమన్నాడు, అదే జీతం ఇచ్చాడు.

తూకం చాలు. నవ్వులాట కాదిది. కరెంటు తగిలి ఈ దేశంలో ఏటా పది వేల మందికి పైగా చచ్చిపోతున్నారని నేర గణాంకాల బ్యూరో లెక్కలే చెబుతున్నాయి. మన పల్లెల్లో వాళ్లెవరో మనకు తెలుసు. రాత్రిపూట బోరు మోటారు దగ్గర ఫ్యూజు వేసుకోబోయిన రైతు. లైన్ క్లియర్ (ఎల్‌సీ) లేకుండా, చేతికి గ్లౌజు లేకుండా, "ఒక్క నిమిషం పనేలే అబ్బీ" అని స్తంభం ఎక్కించిన ప్రైవేటు హెల్పరు. వాడి పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు. పోయాక వాడు తమ మనిషే కాదంటారు. లైను మీద ఎలా బతికి దిగాలో రెండేళ్లు నేర్చుకున్నవాడేమో స్క్రూలు బిగిస్తున్నాడు, ఏమీ నేర్చుకోనివాణ్ణి లైను మీదికి తోలుతున్నారు. ఇది తెలివితక్కువతనం కాదు. చౌకగా దొరుకుతాడు కాబట్టి తెలిసే చేస్తున్నారు. ఆ పిల్లోడి ప్రాణం ఖరీదు కూడా కూలి లెక్కలోనే కలిపేసుకున్నారు.

మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది, అడగడానికి ఢిల్లీ పోనక్కర్లేదు. సర్టిఫికెట్ లేనివాణ్ణి స్తంభం ఎక్కించిన వాళ్ల మీద కేసు పెట్టండి. ఉన్నవాడికి హెల్పరు కూలి కాదు, ఎలక్ట్రీషియన్ జీతం కట్టండి. ఈ రెండు పనులకూ 60,000 కోట్లు అక్కర్లేదు.